అలర్జీ షాట్లు ఎలా పనిచేస్తాయి: బెంగళూరులో ఉండే మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరు వచ్చిన రెండు మూడేళ్ళకి పొద్దున లేవగానే వరసపెట్టి తుమ్ములు, ముక్కు దిబ్బడ, కళ్ళు నలుపుకోవడం మొదలైన మనవాళ్ళు చాలామంది ఉన్నారు, నేనూ అందులో దాన్నే. షాట్లు తీసుకుంటున్నానని తెలిసిన దగ్గర్నుంచి ఆఫీసులో, అపార్ట్‌మెంట్‌లో, ఊరి నుంచి ఫోన్లలో అడుగుతూనే ఉన్నారు కాబట్టి అందరికీ పనికొచ్చేలా ఒక్కచోట రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, డోసు ఎంత, ఎప్పుడు అనేది మాత్రం మీ అలర్జీ డాక్టర్ చెప్పిందే ఫైనల్.

అలర్జీ షాట్ అంటే క్లినిక్‌లో దురద వచ్చినప్పుడు వేసే ఇంజెక్షనేనా?

కాదండీ, అందరూ కన్ఫ్యూజ్ అయ్యేది ఇక్కడే, అందుకే మొదట ఇదే చెప్తున్నా. ఒళ్ళంతా దద్దుర్లు వచ్చి పరిగెత్తుకెళ్తే వేసేది ఏవిల్, దాంతోపాటు డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్. అది ఆ పూటకి మంట ఆర్పే మందు. ఇంకో రకం కూడా ఉంది, సీజన్ మొదట్లో ఒక్క ఇంజెక్షన్ వేస్తే రెండు మూడు నెలలు హాయిగా ఉంటుందని కొన్నిచోట్ల వేసేస్తుంటారు, అది ఒంట్లో నెమ్మదిగా కరిగే డిపో స్టెరాయిడ్. హాయిగా ఉండే మాట నిజమే కానీ అలా ఏటా వేయించుకుంటూ పోతే షుగర్, బీపీ, ఎముకలు అన్నిటి మీదా పడుతుంది, పైగా అలర్జీ ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. దయచేసి ఎవరైనా "అలర్జీ ఇంజెక్షన్" అంటే అందులో ఏ మందు ఉందో పేరు అడిగి రాయించుకోండి.

మనం మాట్లాడుకునేది అలర్జెన్ ఇమ్యునోథెరపీ. మీకు ఏదైతే పడదో, అంటే పుప్పొడో డస్ట్ మైటో (ఇంటి దుమ్ములో, పరుపుల్లో ఉండే కంటికి కనపడని పురుగు), దాని సారాన్నే చాలా పలచగా చేసి కొంచెం కొంచెం ఎక్కిస్తారు. ఇందులో స్టెరాయిడ్ ఉండదు, వేసిన రోజు రిలీఫ్ కూడా ఏమీ ఉండదు, ఇది మూడు నుంచి ఐదేళ్ళ వ్యవహారం.

పడని దాన్నే ఒంట్లోకి ఎక్కిస్తే అలర్జీ పెరగదా?

న్యాయమైన భయమే. చంటిపిల్లలకి కారం ఎలా అలవాటు చేస్తాం, ముందు చారన్నం, తర్వాత చిటికెడు, ఏడాది తిరిగేసరికి మనతో పాటే పప్పులో ఆవకాయ కలుపుకుంటారు కదా, ఇదీ ఆ పద్ధతే, కాకపోతే అలవాటు పడాల్సింది నాలిక కాదు, మన రోగనిరోధక వ్యవస్థ.

లోపల జరిగేది ఇదీ. అలర్జీ ఉన్నవాళ్ళ ఒంట్లో ఆ పుప్పొడికో మైట్‌కో ఎదురుగా ఐజీఈ అనే యాంటీబాడీ తయారై మాస్ట్ కణాల మీద అతుక్కుని కూర్చుంటుంది. మళ్ళీ అదే పదార్థం ముక్కులోకి వెళ్ళగానే ఆ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తాయి, తుమ్ములు, నీళ్ళు కారడం, దురద అంతా దాని పనే. సెట్రిజిన్ లాంటి మాత్ర ఆ హిస్టమిన్‌ని అడ్డుకుంటుంది, అంతవరకే. షాట్లు ఇంకొంచెం పైనుంచి పని చేస్తాయి. అదే పదార్థం చర్మం కింద కొలత ప్రకారం పదే పదే అందుతుంటే రెగ్యులేటరీ టీ కణాలనేవి పెరిగి "ఇది శత్రువు కాదు, ఊరుకోండి" అని మిగతా వాటిని శాంతపరుస్తాయి, ఐజీజీ4 అనే ఇంకో యాంటీబాడీ తయారై అలర్జీ పదార్థాన్ని ఐజీఈ దాకా చేరకముందే పట్టేసుకుంటుంది. ఐజీఈ మాత్రం మొదట్లో కాస్త పెరిగి తర్వాత ఏళ్ళ మీద నెమ్మదిగా తగ్గుతుంది, కాబట్టి మూడు నెలలకే టెస్ట్ చేయించుకుని పెరిగిందని కంగారు పడొద్దు.

కొత్త ప్రయోగమేమో అని భయపడేవాళ్ళకి ఒక్క మాట, లండన్‌లో సెయింట్ మేరీస్ హాస్పిటల్‌లో లెనర్డ్ నూన్ అనే ఆయన గడ్డి పుప్పొడి ఇంజెక్షన్ల గురించి 1911లోనే ప్రచురించాడు. వందేళ్ళు దాటింది.

ఊర్లో ఉన్నప్పుడు ఏమీ లేదు, ఇక్కడికొచ్చాకే ఎందుకు మొదలైంది?

అలర్జీ మొదటిరోజే రాదు, ఒక పదార్థం పదే పదే తగిలి ఒంట్లో ఐజీఈ తయారవడానికి టైమ్ పడుతుంది, అందుకే చాలామందికి రెండో ఏడో మూడో ఏడో బయటపడుతుంది. బెంగళూరు 900 మీటర్లకి పైగా ఎత్తులో ఉంది, ఎండాకాలం కూడా మన నెల్లూరు, కడప లాగా కాల్చెయ్యదు, వానలు పడే నెలల్లో గాల్లో తేమ ఎక్కువ, డస్ట్ మైట్స్‌కి కావాల్సింది అదే. పీజీల్లో ఏళ్ళ తరబడి మార్చని పరుపులు, ఎండ పడని గదులు, మూసేసిన కిటికీలు తోడైతే ఇక చెప్పేదేముంది.

రెండోది వయ్యారిభామ, మన దగ్గర కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు, పార్థీనియం. 1950ల మధ్యలో పూణే దగ్గర మొదట గుర్తించారు, ఇప్పుడు వర్తూరు, సర్జాపుర వైపు ఏ ఖాళీ సైటు చూసినా వాన పడ్డ కొన్ని వారాలకి నడుమెత్తు పెరిగి తెల్లటి చిన్న పూలతో ఉంటుంది. దాని పుప్పొడి ముక్కుకీ కళ్ళకీ, ఆకు తగిలితే చర్మానికీ పడదు. ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి, షాట్లు ఉపయోగపడేది ముక్కు, కళ్ళు, ఆస్తమాకి. ఆకు తగిలి చర్మం మీద వచ్చే ఎగ్జిమా వేరే పద్ధతిలో వచ్చే అలర్జీ, దానికి ఈ షాట్లు వాడరు.

ఫిబ్రవరి, మార్చిలో రోడ్ల మీద గులాబీ రంగు టబెబుయా పూలు రాలుతుంటే అందరూ వాటినే తిడతారు, నాకు ఆ చెట్ల మీద జాలేస్తుంది. అంత అందమైన పెద్ద పూలు సాధారణంగా పురుగుల కోసం పూసేవి, పుప్పొడి బరువుగా ఉంటుంది, గాల్లో ఎక్కువ ఎగరదు. గాలికి కొట్టుకొచ్చేవి చాలావరకు కంటికి ఆనని గడ్డిపూలు, సరుగుడు లాంటివి.

ఎవరికి పనికొస్తాయి, ఎవరికి పనికిరావు?

అలర్జీ వల్ల వచ్చే ముక్కు సమస్య, కళ్ళ దురద, కంట్రోల్‌లో ఉన్న అలర్జిక్ ఆస్తమా, ఇవి ముఖ్యం. తేనెటీగ, కందిరీగ కుట్టి ప్రాణం మీదకి వచ్చిన వాళ్ళకి ఆ విషంతోనే చేసే ఇమ్యునోథెరపీ అయితే చాలా బాగా పనిచేస్తుంది. రొయ్యలు, వేరుశెనగ, గుడ్డు లాంటి తిండి అలర్జీలకి ఈ షాట్లు వాడరు, రిస్క్ ఎక్కువ. ఊరికే దద్దుర్లు వచ్చి పోతుండేవాళ్ళకి కూడా సాధారణంగా దీంతో లాభం లేదు.

ఏడాదికి రెండు వారాలు తుమ్ములొచ్చి మాత్రతో తగ్గిపోయేవాళ్ళు అసలు దీని జోలికి పోనక్కర్లేదని నా అభిప్రాయం. సగం ఏడాది మందుల మీదే బతుకుతున్నవాళ్ళు, మందులు వాడినా నిద్ర పట్టనివాళ్ళు, మాత్రకి మత్తొచ్చి ఆఫీసులో తూగేవాళ్ళు, వీళ్ళు తప్పకుండా ఆలోచించాలి.

ఆస్తమా కంట్రోల్‌లో లేకపోతే మాత్రం మొదలుపెట్టరు, ముందు ఇన్హేలర్లతో దారికి తెచ్చుకోవాలి. షాట్ల వల్ల ప్రమాదాలు జరిగింది ఎక్కువగా అలాంటివాళ్ళకే.

స్కిన్ టెస్ట్ ఎలా చేస్తారు? నొప్పా?

నొప్పి పెద్దగా ఉండదు, దురదే ఉంటుంది. ముంజేయి లోపలివైపు పెన్నుతో వరసగా నంబర్లు వేస్తారు, ఒక్కో నంబర్ పక్కన ఒక్కో సీసాలోంచి చుక్క పెడతారు, ఆ చుక్క మీదే చిన్న ముల్లు లాంటి దాంతో ఇలా గుచ్చి తీసేస్తారు, రక్తం రాదు. తర్వాత పదిహేను ఇరవై నిమిషాలు చెయ్యి కదపకుండా గోకకుండా కూర్చోవాలి, అదే అసలు పరీక్ష. ఒక చుక్కలో హిస్టమిన్ ఉంటుంది, అది అందరికీ ఉబ్బాలి, ఒకటి సెలైన్, అది ఎవరికీ ఉబ్బకూడదు, మిగతావన్నీ ఈ రెండిటితో పోల్చి చూస్తారు. సెలైన్ చుక్క కంటే 3 మిల్లీమీటర్లు అంతకంటే ఎక్కువ దోమకాటులాగా ఉబ్బితే పాజిటివ్ అంటారు. నాకు మైట్స్ దగ్గర లేచిన దద్దు చూసి నర్సే స్కేలు పక్కన పెట్టి "నోడి మేడమ్" అని చూపించింది, గుండ్రంగా కూడా కాదు, పక్కలకి కాళ్ళొచ్చినట్టు పాకింది.

టెస్ట్‌కి ముందు 5 నుంచి 7 రోజులు సెట్రిజిన్, లెవోసెట్రిజిన్, ఫెక్సోఫెనడిన్ లాంటివి ఆపాలి, లేకపోతే హిస్టమిన్ చుక్క కూడా ఉబ్బదు, టెస్ట్ వేస్ట్. జలుబు సిరప్‌లలో, జలుబు మాత్రల్లో కూడా ఇవి ఉంటాయి, చూసుకోండి. డిప్రెషన్‌కీ తలనొప్పికీ ఇచ్చే అమిట్రిప్టిలిన్ లాంటి కొన్ని మందులు కూడా టెస్ట్‌ని చెడగొడతాయి, కానీ వాటిని సొంతంగా ఆపకండి, డాక్టర్ని అడగండి. ఆస్తమా ఇన్హేలర్ అస్సలు ఆపొద్దు.

ల్యాబ్‌లో రక్త పరీక్ష చేయిస్తే వంకాయ, పాలు, గోధుమ, అన్నీ పాజిటివ్ అన్నారు, అన్నిటికీ షాట్లు వేయించుకోవాలా?

వద్దు. ఆ పెద్ద లిస్టు పట్టుకుని అన్నం తప్ప ఏమీ తినకుండా చిక్కి సగమైన పిల్లల్ని చూస్తే బాధేస్తుంది. పాజిటివ్ అంటే ఒంట్లో ఐజీఈ ఉందని మాత్రమే అర్థం, తిన్నప్పుడు మీకు ఏమైనా అవుతోందా అనేదే ముఖ్యం. పాలు తాగి హాయిగా ఉంటే కాగితం ఏం చెప్పినా మీకు పాల అలర్జీ లేనట్టే. ఇక ఐజీజీ ఫుడ్ టెస్ట్ అని అమ్మేవాటితో అలర్జీ తేలదు, డబ్బులు పెట్టకండి. టోటల్ ఐజీఈ ఎక్కువుంటే కడుపులో నులిపురుగుల వల్ల కూడా అయ్యుండొచ్చు.

మంచి డాక్టర్ మొదట ఏం చేస్తారంటే మీ కథంతా వింటారు, ఏ నెలలో ఎక్కువ, ఇంట్లోనా బయటా, ఊరెళ్తే తగ్గుతుందా, దుప్పట్లు దులిపితే ఏమవుతుంది, ఆ కథకీ టెస్ట్‌కీ కలిసిన రెండు మూడిటినే షాట్‌లో పెడతారు. పదిహేను రకాలు కలిపితే ఒక్కోదాని మోతాదు పడిపోయి ఏదీ సరిగ్గా పనిచేయదు. ఇంకోటి, బొద్దింక, బూజు సారాల్లో ప్రోటీన్లని కరిగించే ఎంజైములు ఉంటాయి, వాటిని పుప్పొడితో ఒకే సీసాలో కలిపితే పుప్పొడి బలం తగ్గిపోతుంది. మీ సీసాలో ఏమేం ఉన్నాయో రాసిమ్మని అడగడం మీ హక్కు.

ఎన్ని ఇంజెక్షన్లు, ఎన్నాళ్ళు?

రెండు దశలు. మొదటిది బిల్డప్, వారానికి ఒకటో రెండో, చాలా పలచటి సీసాతో మొదలై మెల్లగా చిక్కటి సీసాకి వెళ్తారు. మన దేశంలో సీసాల మీద 1:5000, 1:500, 1:50 లాంటి అంకెలు కనిపిస్తాయి, చివరి అంకె తగ్గేకొద్దీ మందు చిక్కన అన్నమాట, ప్రతీసారీ ఆ అంకె మీరు కూడా కళ్ళారా చూసుకోండి. ఇది సుమారు 3 నుంచి 6 నెలలు పడుతుంది. తర్వాత మెయింటెనెన్స్, ఒకటే డోసు, రెండు నుంచి నాలుగు వారాలకి ఒకటి, మొత్తం 3 నుంచి 5 ఏళ్ళు.

సూది సన్నగా ఇన్సులిన్ సూదిలా ఉంటుంది, పై చేయి వెనకవైపు చర్మం కింద వేస్తారు. పిల్లలు కూడా ఓర్చుకుంటారు.

రెండేళ్ళకే బాగైపోతే ఆపేయొచ్చా?

చాలామంది అక్కడే ఆపేస్తారు, అదే పెద్ద నష్టం. గడ్డి పుప్పొడి షాట్లు 3, 4 ఏళ్ళు తీసుకుని ఆపినవాళ్ళకి ఆ తర్వాత ఇంకో 3 ఏళ్ళ పాటు కూడా లాభం నిలిచిందని 1999లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. అదే గడ్డి పుప్పొడికి రెండేళ్ళు మాత్రమే ఇచ్చి ఆపి చూసిన ఇంకో పరిశోధన 2017లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది, అందులో షాట్ బదులు నాలిక కింద పెట్టుకునే మాత్ర వాడినవాళ్ళకి, మందు పనిచేసినన్నాళ్ళు బాగానే ఉంది కానీ, ఆపిన ఏడాదికి ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళకీ వాళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అందుకే కనీసం మూడేళ్ళు అని డాక్టర్లు పట్టుబడతారు.

రెండో వైపు కూడా చెప్పాలి, మెయింటెనెన్స్ డోసుకి వచ్చి ఏడాదైనా ఏ మార్పూ లేకపోతే ఇంకా లాగడంలో అర్థం లేదు, డోసు తక్కువుందా, అసలు కారణం వేరేదా, ఇంట్లో అదే దుమ్ము ఉందా అని డాక్టర్‌తో కూర్చుని తేల్చుకోవాలి, తేలకపోతే ఆపేయాలి.

తేడా ఎప్పటికి తెలుస్తుంది?

కొందరికి బిల్డప్ చివర్లోనే, చాలామందికి మెయింటెనెన్స్ మొదలయ్యాక. ఒక్కసారిగా తగ్గదు, జేబులో మాత్ర మర్చిపోయి రోజంతా గడిచిపోయిందని సాయంత్రం గుర్తొస్తుంది, అలా తెలుస్తుంది. ఈలోగా మాత్రలు, ముక్కు స్ప్రే మానక్కర్లేదు, డాక్టర్ చెప్పినప్పుడు ఒక్కోటి తగ్గిస్తారు.

వేసిన తర్వాత అరగంట కూర్చోమంటారు, ట్రాఫిక్ చూస్తే మండుతుంది, వెళ్ళిపోతే ఏమవుతుంది?

వెళ్ళొద్దు, ఇక్కడ బేరం లేదు. చెయ్యి వాయడం, ఎర్రబడడం, దురద మామూలే, చల్లటి నీళ్ళ గుడ్డ పెట్టుకుంటే ఒకటి రెండు రోజుల్లో పోతుంది. కానీ అరుదుగా ఒళ్ళంతా రియాక్షన్ వస్తుంది, అమెరికాలో చేసిన సర్వేల ప్రకారం ఇంజెక్షన్ కోసం వచ్చిన ప్రతి వెయ్యి సార్లలో సుమారు ఒకసారి, అవి కూడా ఎక్కువ చిన్నవే. కానీ అనఫిలాక్సిస్ అంటే గొంతు బిగుసుకోవడం, పిల్లికూతలు, దద్దుర్లు, బీపీ పడిపోయి కళ్ళు తిరగడం, ఇవి నిమిషాల్లో ముదురుతాయి, ప్రమాదకరమైనవి ఎక్కువగా మొదటి 30 నిమిషాల్లోనే మొదలవుతాయి. దానికి మందు అడ్రినలిన్, తొడ కండలో వెంటనే వేయాలి, ఏవిల్ వేసి చూద్దాం అంటే కుదరదు. ఆ అరగంట మీరు కూర్చునేది అడ్రినలిన్ పక్కన ఉండడం కోసం.

కుర్చీలో కూర్చున్నప్పుడు అరచేతులు దురద పెట్టినా, గొంతులో ఏదో అడ్డం పడినట్టున్నా, ఉన్నట్టుండి తుమ్ములొచ్చినా, "ఏదో అయిపోతుంది" అని భయంగా అనిపించినా మొహమాటపడకుండా లేచి చెప్పండి. ఇంటికెళ్ళాక కూడా కొందరికి రావొచ్చు, అలా వస్తే నేరుగా ఎమర్జెన్సీకి. ఆ రోజు షాట్‌కి ముందూ వెనకా రెండు గంటలు జిమ్, రన్నింగ్ వద్దు.

జ్వరం ఉన్నా, ఆయాసం ఉన్నా ఆ వారం వేయరు, మీరు దాచొద్దు.

మా ఫ్లోర్‌లోనే నర్స్ ఉంది, సీసా తెచ్చుకుని ఇంట్లో వేయించుకుంటే?

ఆవిడ ఎంత మంచి నర్స్ అయినా వద్దు. సూది వేయడం కష్టం కాదు, రియాక్షన్ వస్తే ఆక్సిజన్, సెలైన్, డాక్టర్ ఉండాలి, బెంగళూరు రోడ్ల మీద అంబులెన్స్ కోసం ఆ నిమిషాలు మనకి దొరకవు.

బీపీ మాత్రలు వాడుతున్నా, పర్వాలేదా?

ఏ మాత్రో చెప్పాలి. బీటా బ్లాకర్లు, అంటే అటెనొలాల్, మెటొప్రొలాల్, మైగ్రేన్‌కి ఇచ్చే ప్రొప్రానొలాల్ వాడేవాళ్ళకి రియాక్షన్ వచ్చినప్పుడు అడ్రినలిన్ సరిగ్గా పట్టకపోవచ్చు. గ్లాకోమాకి వేసుకునే టిమొలాల్ కంటి చుక్కలు కూడా ఈ జాతివే, చాలామంది చుక్కలే కదా అని చెప్పరు. సొంతంగా ఆపకండి, మందుల చీటీలన్నీ తీసుకెళ్ళి చూపించండి.

ప్రెగ్నెన్సీలో? చిన్నపిల్లలకి?

కడుపుతో ఉన్నప్పుడు కొత్తగా మొదలుపెట్టరు. ఇప్పటికే మెయింటెనెన్స్‌లో ఉండి బాగా పడుతుంటే డోసు పెంచకుండా కొనసాగించొచ్చు. ప్లాన్ చేసుకుంటున్నవాళ్ళు ముందే చెప్పండమ్మా, బిల్డప్ అయిపోయేలా చూస్తారు.

పిల్లలకి సాధారణంగా 5 ఏళ్ళు దాటాక. అంతకంటే చిన్నవాళ్ళు గొంతులో ఏదో అవుతోందని సరిగ్గా చెప్పలేరు, అదీ కారణం.

సూది వద్దు, నాలిక కింద చుక్కలు ఉన్నాయట కదా?

ఉన్నాయి, సబ్‌లింగ్వల్ అంటారు. మొదటి డోసు క్లినిక్‌లో, తర్వాత ఇంట్లోనే రోజూ, నాలిక కింద కాసేపు ఉంచి మింగాలి. నోరు దురద పెట్టడం మామూలు, పెద్ద రియాక్షన్లు షాట్ల కంటే తక్కువ. సిటీకి ఆ చివర ఉండి వారం వారం రాలేనివాళ్ళకి మంచిదే. కాకపోతే రోజూ వేసుకోవాలి, ఇవీ మూడేళ్ళే, ఎవరూ అడిగేవాళ్ళు ఉండరు కాబట్టి మధ్యలో మానేయడం తేలిక. మీకు క్రమశిక్షణ లేదనుకుంటే షాట్లే నయం, అపాయింట్‌మెంట్ ఉంటుంది కాబట్టి వెళ్తారు.

చేప మందు వేయించుకుంటే ఇవన్నీ అక్కర్లేదని మా అత్తయ్య అంటున్నారు?

మృగశిర కార్తెకి హైదరాబాద్ వెళ్ళి చేప మందు వేయించుకున్నవాళ్ళు మన ఇళ్ళల్లో చాలామంది ఉన్నారు, పెద్దవాళ్ళ నమ్మకాన్ని నేను కాదనను. కానీ అది అలర్జీనో ఆస్తమానో తగ్గిస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. అత్తయ్యగారు వెళ్తానంటే వెళ్ళనివ్వండి, ఇన్హేలర్ మాత్రం ఆపనివ్వకండి, సంచిలో పెట్టి పంపండి.

ఖర్చు?

క్లినిక్‌ని బట్టి చాలా మారుతుంది. సీసాకి ఎంత, ప్రతీసారీ వేసినందుకు ఎంత, సీసా ఎన్నాళ్ళొస్తుంది అని అడిగి మూడేళ్ళకి లెక్కేసుకోండి, నెలకి లెక్కేస్తే మోసపోతాం. మామూలు హెల్త్ పాలసీలు చాలావాటిల్లో ఓపీ ఖర్చులు రావు, కంపెనీ పాలసీలో ఓపీడీ ఉందేమో హెచ్‌ఆర్‌ని అడగండి.

షాట్లు తీసుకుంటున్నాం కాబట్టి ఇల్లు పట్టించుకోనక్కర్లేదా?

పట్టించుకోవాలి. పరుపుకి, దిండ్లకి మైట్ ప్రూఫ్ కవర్లు, దుప్పట్లు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్ళలో, పడకగదిలో కార్పెట్లు, మెత్తటి బొమ్మలు తీసేయడం, చీపురు బదులు తడిగుడ్డ. పీజీలో ఉంటే కనీసం ఆ పరుపు మీద మీ కవర్ మీరు కొనుక్కుని వేసుకోండి, ఖాళీ చేసేటప్పుడు పట్టుకెళ్ళొచ్చు.

సంక్రాంతికి ఊరెళ్తే డోసు మిస్ అవుతుంది, లేదా ఉద్యోగం మారి హైదరాబాద్ వెళ్ళిపోతే?

ఒక వారం అటూ ఇటూ అయితే పర్వాలేదు. గ్యాప్ ఎక్కువైతే పాత డోసు దగ్గర మొదలుపెట్టకూడదు, ఎంత గ్యాప్ వచ్చిందో చూసి డోసు తగ్గించి మళ్ళీ పెంచుతారు, మరీ ఎక్కువైతే మొదట్నుంచీ. అందుకే బిల్డప్ నెలలు పండగలు, పెళ్ళిళ్ళ సీజన్‌లో పడకుండా చూసుకుని మొదలుపెట్టండి.

ఊరు మారేటప్పుడు కావాల్సినవి, సీసాలో ఏమేం ఎంత బలంతో ఉన్నాయో రాసిన కాగితం, ఇప్పటిదాకా వేసిన ప్రతి డోసు తేదీ, మోతాదు, రియాక్షన్లు ఉన్న చార్టు, స్కిన్ టెస్ట్ రిపోర్టు. సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డ కట్టకూడదు, కాబట్టి రాత్రి బస్సులో తీసుకెళ్తే ఐస్ ప్యాక్ ఉన్న చిన్న బాక్సులో, సీసా ఐస్‌కి నేరుగా తగలకుండా గుడ్డ చుట్టి, లగేజీ డిక్కీలో కాకుండా మీ దగ్గరే పెట్టుకోండి. అక్కడ కొత్త డాక్టర్ కొత్త సీసా తయారు చేయిస్తే డోసు కొంచెం తగ్గించి మొదలుపెడతారు, సారాల బలం ఒక్కో తయారీకి ఒక్కోలా ఉంటుంది కాబట్టి అది సరైన పనే, "పాత ఊర్లో ఇంత వేసేవాళ్ళు" అని వాదించొద్దు.